తవ్వకముందే అమ్ముడైన గతం

కోలారు బంగారాన్ని భూమిలోంచి తీయకముందే దాని గతాన్ని లండన్‌లో అమ్మేశారు. 1879కీ 1882కీ మధ్య దక్షిణ భారతదేశపు బంగారం మీద ఇంగ్లండులో వెర్రి ఒకటి పుట్టింది. నీలగిరుల పక్కనున్న వైనాడు పేరు చెప్పి పదుల సంఖ్యలో కంపెనీలు వెలిశాయి. మైసూరు రాజ్యంలోని కోలారు పేరుతోనూ కొన్ని వచ్చాయి. షేర్లు కొనమని జనాన్ని అడగడానికి ఆ కంపెనీల చేతిలో బంగారం లేదు, ఉన్నవల్లా పాత గుంతలే. ఏనాటివాళ్లో తవ్వి వదిలేసిన ఆ గోతులను చూపించి, చేతి సుత్తితో, నూనె దీపంతో దిగినవాళ్లకే ఇంత దొరికితే ఆవిరి యంత్రాలున్న మనకు ఎంత దొరకాలో ఊహించుకోమన్నారు. మదుపరులు ఊహించుకున్నారు. రెండు మూడేళ్లలో వైనాడు కంపెనీలు దాదాపు అన్నీ మునిగిపోయాయి. కోలారు కంపెనీల పరిస్థితీ అలాగే దిగజారింది. మైసూరు గని వాటాలను అడిగేవాడే లేని రోజు వచ్చింది. అయితే అక్కడ జరిగింది వేరు. మిగిలిన కొద్దిపాటి డబ్బుతో, జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ పట్టుదలతో, కెప్టెన్ ప్లమర్ అనే గని అధికారి ఆ పాత గుంతల అడుగుకే దిగి చూశాడు. వాటి కిందే ఛాంపియన్ లోడ్ అని పేరు పడ్డ బంగారు పొర ఉంది. ఆ తరువాత 120 ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం ఈ గనుల నుంచి వచ్చింది.

ఈ కథలో నన్ను పట్టుకున్నది ఒకే సంగతి. వైనాడులో, కోలారులో సరుకు ఒకటే, ప్రకటన ఒకటే. రెండు చోట్లా గతం మీది మోజునే అమ్మారు. ఒక చోట అది మదుపరిని ముంచింది, మరో చోట నిధి దారి చూపించింది. రెండింటికీ తేడా, గతాన్ని చూపించినవాడు దాని అడుగుదాకా దిగి చూశాడా లేదా అన్నదే. పాత రోజుల మమకారాన్ని ప్రకటనలో వాడటం మంచిదా, చెడ్డదా అని ఈరోజు వ్యాపార పాఠాల్లో జరిగే చర్చకు కోలారు బంగారు గనుల, అంటే కేజీఎఫ్, చరిత్ర ఇచ్చే జవాబు ఇదేనని నా వాదన. మమకారం అబద్ధమేమీ కాదు, అది పాత గుంతలాగా ఒక ఆనవాలు. ఆనవాలును పట్టుకుని దిగితే లాభం. ఆనవాలునే సరుకుగా అమ్మితే, కొన్నవాడికీ నష్టమే, ఆ గతంలో బతికినవాడికీ నష్టమే.

నిజానికి ఆనవాలు పట్టుకుని రావడం కేజీఎఫ్‌లో అంతకుముందే మొదలైంది. 1802లో మైసూరు సరిహద్దుల సర్వే పని మీద వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఈ చుట్టుపక్కల బంగారం ఉందన్న మాట విని, చూపించినవాళ్లకు బహుమానం ప్రకటించాడు. ఊరిగాం, మారికుప్పం జనం మట్టి తెచ్చి కడిగి పసుపు రజను చూపించారు. వారెన్ రాసిపెట్టినది చదివి, న్యూజిలాండు మావోరీ యుద్ధంలో పనిచేసి వచ్చిన మైకేల్ లావెల్ అనే ఐరిష్ సైనికుడు 1871లో బెంగళూరు కంటోన్మెంటు నుంచి ఎద్దుల బండి కట్టించుకుని కోలారు దారి పట్టాడు. 1875లో మైసూరు ప్రభుత్వం అతనికి తవ్వకానికి లీజు ఇచ్చింది. లావెల్ గనిలో సంపాదించింది తక్కువే, హక్కులు అమ్ముకుని తప్పుకున్నాడు. బెంగళూరులో ఇప్పుడు ఎంతో ఖరీదైన వీధి ఒకటి అతని పేరుతోనే ఉంది. మట్టి కడిగి చూపించిన ఊరిగాం, మారికుప్పం మనుషుల పేర్లు ఎక్కడా లేవు. పాతకథ ఎవరి పేరిట నిలిచిపోతుందో, ఎవరి పేరు రాలిపోతుందో మొదటి అడుగులోనే తెలిసిపోతుంది.

ఇప్పటి అమ్మకాలకు వద్దాం. పట్టు, పాలు, బంగారం నేల అని కోలారు జిల్లా చాలాకాలంగా తనను తాను చెప్పుకుంటోంది. పట్టు ఉంది, పాలు ఉన్నాయి. బంగారం 2001 ఫిబ్రవరి 28న ఆగిపోయింది. ఆ రోజు భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ గనులు మూసేసింది. మూడు వేల మందికి పైగా ఆఖరి కార్మికులు బయటికి వచ్చారు. కుప్పం పక్కన ఆ సంస్థే నడిపిన చిగురుగుంట, బిసానత్తం గనుల పనీ దాంతో ముగిసింది. నినాదంలో మాత్రం బంగారం చెక్కుచెదరలేదు. పర్యాటకులను పిలిచేవాళ్లు కేజీఎఫ్‌ను ‘మినీ ఇంగ్లండ్’ అంటారు. బంగళాలు, 1885 నాటి క్లబ్బు, చల్లటి గాలి చూపిస్తారు. బెంగళూరు, చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే వస్తోందని స్థలాలు అమ్మేవాళ్లు బంగారం మాటను లేఅవుట్లకు తగిలిస్తారు. 2018 డిసెంబరులో ప్రశాంత్ నీల్ ‘కేజీఎఫ్’ సినిమా మొదటి భాగం, 2022 ఏప్రిల్‌లో రెండోది వచ్చాక ‘కేజీఎఫ్’ అన్న మూడు అక్షరాలు దేశమంతటా మోగాయి. ఆ మోత వల్ల మేలు జరగలేదని అనను. మూతపడిన ఊరికి అన్నిటికంటే పెద్ద శత్రువు మరపు. గనుల మీద పన్నులు, లాభాలు ఆగిపోయిన తరువాత ప్రభుత్వాలు ఆ ఊరి ఫైలును పక్కన పెట్టడం తేలిక. ఊరి పేరు అందరి నోట్లో ఉంటే అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు. ప్రతి తెల్లవారుజామునా మారికుప్పం నుంచి బెంగళూరుకు రైలెక్కి, రాత్రికి తిరిగొచ్చే వేలమంది పిల్లలకు, మేమూ ఒక ఘనమైన ఊరివాళ్లమే అని చెప్పుకోవడానికి ఆధారం దొరకడం చిన్న సంగతి కాదు. మమకారాన్ని వాడుకున్న ప్రకటన వల్ల మొదటి లాభం ఇదే. కొత్తగా పేరు పుట్టించడానికి పట్టే డబ్బూ కాలమూ ఆదా అవుతాయి, పైగా వినేవాడు అప్పటికే సగం నమ్మి ఉంటాడు.

ఆ సగం నమ్మకంలోనే ప్రమాదం ఉంది. పరీక్షించకుండా ఒప్పుకునే మాట ఏదైనా పెరుగుతూ పోతుంది. కేజీఎఫ్ కరెంటు కథ చూడండి. దేశంలో మొదట కరెంటు వెలిగిన ఊరు ఇదేనని, ఆసియాలో జపాను తరువాత ఇదేనని పర్యాటక ప్రచారంలో పదేపదే కనిపిస్తుంది. అది నిజం కాదు. డార్జిలింగులో 1897లోనే సిద్రాపాంగ్ జలవిద్యుత్ కేంద్రం పనిచేసింది. కలకత్తాకు 1899లో కరెంటు వచ్చింది. నిజంగా జరిగింది ఇంతకంటే గొప్పది. కావేరి మీద శివనసముద్రం దగ్గర పుట్టించిన కరెంటును 1902 జూన్‌లో దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగల మీద నడిపించి కోలారు గనుల్లో యంత్రాలు తిప్పారు. అంత దూరం కరెంటు పంపడం అప్పటికి ప్రపంచంలోనే అరుదు. ఆ పనికి నడుం కట్టిన దివాన్ కె. శేషాద్రి అయ్యర్ అది పూర్తయ్యేదాకా బతకలేదు. ఇంజనీరు జోలీ ద లోబినియేర్ పట్టుదలను, ఏనుగుల చేత మోయించిన సామానును, అడవుల్లో నిలిపిన స్తంభాలను చెప్పుకుంటే ఆ కథ ఎవరినైనా కట్టిపడేస్తుంది. బెంగళూరు వీధి దీపాలకు ఆ కరెంటు 1905లో గానీ అందలేదు. ‘మొదటిది’ అన్న ఒక్క చౌకబారు మాట కోసం ఇంత కథను వదులుకున్నారు. వాళ్లు దాటేసిన మరో నిజమూ ఉంది: ఆ కరెంటును తెప్పించింది ఊరి కోసం కాదు, గని కోసం. రాయి పొడిచేసే మరలు, లిఫ్టులు, గాలి పంపులు తిరగాలి కాబట్టి వచ్చింది.

‘మినీ ఇంగ్లండ్’ మాటలో ఉన్న ప్రమాదం ఇంకా లోతైనది. ఇక్కడ తేదీ తప్పుకాదు, మనుషులే తప్పిపోయారు. బంగళాల్లో ఉన్నవాళ్లు వందల్లో ఉంటే, గనిలో దిగినవాళ్లు ఒక దశలో 30 వేల చుట్టూ ఉండేవాళ్లు. ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుంచి వచ్చిన తమిళులు, ఎక్కువగా ఆది ద్రావిడులు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు, స్థానిక కన్నడిగులు, ఆంగ్లో ఇండియన్లు, ఇటలీ నుంచి తెచ్చిన గనివాళ్లు ఉండేవారు. కార్మికుల ఇళ్లు ‘లైన్లు’. తడికలు, రేకులతో కట్టిన చిన్న గుడిసెలు వరసలుగా ఉండేవి. కాంట్రాక్టు కింద పనిచేసేవాడి ముంజేతికి నంబరు ఉన్న లోహపు కడియం ఉండేది, ఎవరి మనిషో దాన్ని చూసి చెప్పేవాళ్లు. దిగేది ఎంత లోతుకు? ఛాంపియన్ రీఫ్ గని చివరికి భూమి కింద 3 కిలోమీటర్లు దాటింది. ఆ అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది, చల్లటి గాలి పంపకపోతే మనిషి నిలబడలేడు. ఎప్పుడు ఏ రాయి పగిలి మీద పడుతుందో తెలియని ‘రాక్ బరస్ట్’ భయం వేరు. పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకునేది. 1947లో వెలువడిన వైద్య అధ్యయనంలో, పరీక్షించిన ఏడున్నర వేల మందిలో నూటికి 43 మందికి పైగా సిలికోసిస్ కనిపించింది. క్లబ్బు వరండా ఫొటో కింద ‘మినీ ఇంగ్లండ్’ అని రాసినప్పుడు ఈ 43 మంది ఆ ఫొటోలో ఎక్కడున్నారన్న ప్రశ్న అడగాలి. వలస పాలన అందం మాత్రమే గుర్తుండి, ఆ అందానికి ఖర్చు పెట్టినవాళ్లు గుర్తు లేకపోతే, ప్రకటన చరిత్రను తగ్గించిందని అనలేం, తలకిందులు చేసిందనాలి.

సినిమా సంగతి కాస్త వేరు, దాని గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. అది కల్పిత కథ, నరాచి అన్న గని కల్పితం, ఆ మాట సినిమావాళ్లే చెప్పారు. కల్పన చేసుకునే హక్కు కళాకారుడికి ఉంది. కానీ ఊరి పేరును శీర్షికగా పెట్టుకున్నప్పుడు, ఆ పేరుకున్న పాత కీర్తే సినిమాకు మొదటి ప్రకటన అయింది. బంగారం తీయగా మిగిలిన వ్యర్థాలను పోసిన సైనైడ్ దిబ్బల నేపథ్యం కూడా అక్కడిదే. దాన్ని చూసినవాడు ఏం నమ్ముతాడు? నోరులేని బానిసల్లా గనిలో పడి ఉన్న జనం, వాళ్లను విడిపించడానికి బయటి నుంచి వచ్చిన వీరుడు. అసలు కేజీఎఫ్‌లో జరిగింది దీనికి పూర్తిగా భిన్నం. 1930లో వేలిముద్రలు ఇచ్చి పేరు నమోదు చేసుకోవాలని కంపెనీ పట్టుబడితే, దొంగల్లా మా వేళ్లెందుకు ఇవ్వాలని వేలమంది కార్మికులు 21 రోజులు పని ఆపేశారు. వాళ్లను నడిపించడానికి పేరున్న యూనియన్ కూడా అప్పటికి లేదు. 1946 సమ్మెలో నవంబరు 4న పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయారు. వాళ్లను ఆ ఊరు ఇప్పటికీ తలుచుకుంటుంది. సినిమాలో గని దొరికిందని చెప్పిన 1951కి, అసలు కోలారు కార్మికులు సంఘాలు పెట్టుకుని జీతాలు, ఇళ్లు, వైద్యం అడిగి సాధించుకుంటున్నారు. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. వీరుడు లేకుండానే తమ తలరాత మార్చుకున్న మనుషుల కథను, వీరుడి కోసం ఎదురుచూసిన మనుషుల కథ కప్పేసింది. 2024లో పా. రంజిత్ ‘తంగలాన్’ సినిమాలో గని మొదటి కూలీల వైపు నుంచి చెప్పే ప్రయత్నం చేశాడు. అందులోనూ మాయలూ మంత్రాలూ ఉన్నాయి, అయినా మట్టి కడిగినవాడు మధ్యలో నిలబడ్డాడు. నా దృష్టిలో అది గుంతలోకి ఒక మెట్టు దిగడం.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది, దాన్ని దాటేయకూడదు. ‘మినీ ఇంగ్లండ్’ అని ప్రేమగా చెప్పేది బయటి వ్యాపారులు మాత్రమే కాదు. లైన్లలో పుట్టి పెరిగిన వాళ్లు కూడా ఆ రోజులే బాగుండేవంటారు. గని సైరను, ఫుట్‌బాల్ ఆటలు, బ్యాండు, క్రిస్మస్, కంపెనీ ఆసుపత్రి వాళ్లకు ఇప్పటికీ ముద్దే. పీడన అనుభవించినవాళ్లే మమకారం చూపిస్తుంటే, అది తప్పని చెప్పడానికి మనమెవరం? తప్పని నేను అనడం లేదు. వాళ్ల మమకారాన్ని జాగ్రత్తగా వింటే అది దొరల మీది మమకారం కాదని తెలుస్తుంది. ఆసుపత్రి, ఇల్లు, నెల జీతం, పిల్లల బడి ఇవన్నీ గనిలోంచి బంగారంలాగే తవ్వి తీసుకున్నవి, చాలావాటిని సమ్మెలు చేసి, యూనియన్లు కట్టి సాధించుకున్నారు. 2001లో పోయినవి అవే. గని మూశాక ఆసుపత్రి కుదించుకుపోయింది, నీళ్లకు కొరత పెరిగింది, ఉద్యోగం రెండు గంటల రైలు దూరంలోకి వెళ్లింది. పాత రోజులు బాగుండేవని వాళ్లు అన్నప్పుడు ఏం పోయిందో, ఎవరు బాకీ ఉన్నారో లెక్క చెబుతున్నారు. ప్రకటన ఆ లెక్కను చింపేసి పైన ఉన్న పూలబొమ్మ మాత్రం తీసుకుంటోంది. బాధితుడి జ్ఞాపకాన్ని తీసుకుని యజమాని బొమ్మకు రంగులు వేయడం అంటే ఇదే.

దీన్ని నీతి గొడవగా కొట్టిపారేసేవాళ్లకు వ్యాపార లెక్కా చూపించాలి. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961 నుంచి మోటారు సైకిళ్లు తయారు చేసి 1996లో మూతపడింది. 2018లో మహీంద్రా అండతో క్లాసిక్ లెజెండ్స్ సంస్థ జావా పేరును మళ్లీ రోడ్డు మీదికి తెచ్చింది. పాత ట్యాంకు ఆకారం, జంట సైలెన్సర్లు చూసి మొదట్లో జనం ఎగబడి బుక్ చేశారు. ఈ కొత్త బండ్లు తయారయ్యేది మధ్యప్రదేశ్‌లోని పీథంపుర్‌లో. మైసూరు జ్ఞాపకం ఉపాధిని మైసూరుకు తేలేదు. మొదటి రోజుల ఉత్సాహం ఎంత ఎగసినా, ఆ తరువాత బండిని అమ్మాల్సింది బండే. కొనుగోలుదారుడు పాత బండి గట్టితనంతో కొత్తదాన్ని పోలుస్తాడు, తండ్రి దగ్గర విన్న కథంతా అందులో ఉండాలనుకుంటాడు. మమకారం అంచనాలను పెంచుతుంది, అందుకునే శక్తిని పెంచదు. దీనికి ఎదురుగా మైసూర్ శాండల్ సబ్బు ఉంది. 1916లో మైసూరు రాజ్యం గంధం నూనె పరిశ్రమగా మొదలైంది, ప్రభుత్వ సంస్థ ఆధీనంలో ఇప్పటికీ నడుస్తోంది. ఆ పెట్టె మీది పాత రూపం వెనక ఆ రోజు నుంచీ ఆగని తయారీ ఉంది, నడిచిన దారే ఉంది. అందుకే అది మమకారాన్ని అరువు తెచ్చుకోనక్కర లేదు. అయినా ఆ సంస్థ కూడా కొత్త తరాన్ని చేరడానికి 2025లో తమన్నాను ప్రచారకర్తగా పెట్టుకుని విమర్శలు ఎదుర్కొంది. పాత పేరు ఒక్కటే పాతికేళ్ల కొనుగోలుదారుడి దగ్గరకు చేర్చదని వాళ్లకు తెలుసు కాబట్టే ఆ పని చేశారు.

ప్రకటనకు అర నిమిషం ఉంటుంది, అందులో సిలికోసిస్, పోలీసు కాల్పులు ఎలా చెబుతాం, దుఃఖం చూడటానికి ఎవరు టికెట్ కొంటారు అని అడుగుతారు. అన్నీ చెప్పమని నేను అడగడం లేదు. ఏరుకోవడం ప్రకటన హక్కు. ఏరుకున్నది తలకిందులుగా ఉండకూడదన్నదే నా మాట. దుఃఖం అమ్ముడుపోదన్నది కూడా నిజం కాదు. దానికి రుజువు కోలారుకు బంధువైన దేశంలోనే ఉంది. కోలారు గనులకు కెప్టెన్లుగా వచ్చిన వాళ్లలో చాలామంది ఇంగ్లండులోని కార్న్‌వాల్ తగరం గనుల వాళ్లు. ఆ కార్న్‌వాల్ గనులు కూడా మూతపడ్డాయి. గీవర్ గని 1990లో ఆగింది. ఇప్పుడది మ్యూజియం. అక్కడి గనుల భూభాగాన్ని 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వేల్స్‌లోని బిగ్ పిట్ బొగ్గు గనిని 1980లో మూసి, 1983లో సందర్శకులకు తెరిచారు. హెల్మెట్, దీపం ఇచ్చి, గడియారాలు, ఫోన్లు తీసుకుని, పంజరంలో దాదాపు 90 మీటర్లు దింపుతారు. కింద దారి చూపించేది ఒకప్పుడు గనుల్లో పనిచేసిన కార్మికులే. ఊపిరితిత్తుల జబ్బును, గుర్రాలను, ప్రమాదాలను వాళ్లు తమ నోటితో చెబుతారు. జనం వెళ్తూనే ఉన్నారు. నిజం చెప్పడం వల్ల గిరాకీ పోలేదు, చెప్పేవాడు లోపల బతికినవాడు కావడమే దానికి బలం.

కేజీఎఫ్‌లో అలా దింపి చూపించగలిగే షాఫ్టు ఇప్పుడు లేదు. పంపులు ఆగినప్పటి నుంచి గనుల్లో నీళ్లు నిండిపోయాయి. పైన చూపించదగినవి చాలా ఉన్నాయి. ఛాంపియన్ రీఫ్ లోతుల్లో 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, ఒసాకా, డర్హమ్ విశ్వవిద్యాలయాల వాళ్లతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను పట్టుకున్నారు. ప్రపంచంలో వాటిని మొదట గుర్తించిన ప్రయోగాల్లో అదొకటి. ఈ మాట ఏ లేఅవుట్ ప్రకటనలోనూ కనిపించదు. కరెంటు తీగ దారి ఉంది, 1894లో బౌరింగ్‌పేట నుంచి వేసిన రైలు దారి ఉంది, నవంబరు 4 స్మారకం ఉంది. మూడు కోట్ల టన్నులకు పైగా పేరుకున్న సైనైడ్ దిబ్బలు ఉన్నాయి, గాలి కాలంలో వాటి దుమ్ము ఇళ్లలోకి వస్తుందన్న మాటతో కలిపి చూపించవలసినవి. ఆ దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని మళ్లీ తీయడానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం 13 దిబ్బల ప్రతిపాదనకు ఒప్పుకుంది. అవి తరిగిపోతే సినిమాలు చూపించిన బొమ్మ కూడా తరిగిపోతుంది. పర్యాటక శాఖ కానీ, జిల్లా యంత్రాంగం కానీ, స్థలాలు అమ్మే సంస్థ కానీ ఈ గతాన్ని ప్రకటనలో వాడుకోదలిస్తే, దాని అడుగుదాకా దిగినవాళ్లను ఇప్పుడే జీతమిచ్చి పిలవాలి. 2001 ఫిబ్రవరిలో ఆఖరి షిఫ్టు దిగిన ముప్ఫై ఏళ్ల కార్మికుడికి ఇప్పుడు 55 దాటాయి.